నేలమీది గగనయానము

ద్రోణాచార్యులు తన శిష్యుల విలువిద్యను పరీక్షింపదలచి, శిల్పులచేత ఒక కృత్రిమపక్షిని చేయించి, చెట్టుకొమ్మపై నిలిపి, దాని తలను గొట్టుడని యాజ్ఞాపించిన కథ మీరెల్లరు నెఱిగినదే. అందు పక్షి యొక్కటియే కల్పితము. విల్లు నిజమైనది, బాణము నిజమైనది, గుఱి చూచు కన్ను నిజమైనది. పక్షి కల్పితమగుటచే ఎవరికిని హాని కలుగలేదు. విల్లును విలుకాడును నిజమగుటచే పరీక్షకు విలువ కలిగెను. విలుకాని చేతికి విల్లీయకయే, 'నీవు గుఱి తప్పవని మేమెఱుగుదుము' అని పంపివేసినచో దానిని పరీక్ష యని యెవ్వరందురు? నేడు మీకు మనవి చేయబోవు చరిత్ర యంతయు ఈ చిన్న భేదమును ఆశ్రయించియున్నది.

ఆకాశమున పోవు రాకెట్టునకు దారి చూపునది దాని గర్భమునందుండు ఒక గణకయంత్రము. దీనినే కంప్యూటరు అందురు. రాకెట్టు ఎంత వేగముతో పోవుచున్నది, ఏ వైపునకు ఒరుగుచున్నది అను సంగతులను గైరోస్కోపులు మొదలగు సున్నితపు పరికరములు దానికి తెలుపుచుండును. అది లెక్క కట్టి, మంటను వెలిగ్రక్కు గొట్టమును ఇంతమాత్రము త్రిప్పుమని ఆజ్ఞ యిచ్చును. గొట్టము తిరుగును, రాకెట్టు సరిపడును, ఆ మార్పును పరికరములు మరల కనిపెట్టి తెలుపును. ఇట్టి రాకపోకలు సెకనునకు పెక్కుమారులు జరుగుచుండును. బండి తోలువాడు త్రోవ చూచి పగ్గము లాగుట, ఎద్దులు తిరుగుట, వాడు మరల త్రోవ చూచుట వంటిదే యిది. అయితే బండి త్రోవ తప్పినచో ఆపి దిగవచ్చును. రాకెట్టు లేచినపిమ్మట దిగి చూచుటకు తావు లేదు.

కావున అది లేవకముందే దానిని నేలపై ఎగురవేసి చూడవలెను. అదెట్లు సాధ్యమనగా చెప్పెదను. రాకెట్టులో అమర్చబోవు గణకయంత్రమునే తెచ్చి పరీక్షాశాలలో బల్లపై నుంతురు. గైరోస్కోపులను మూడు విధములుగా తిరుగగల ఒక పీఠముపై బిగింతురు. ప్రక్కన మఱియొక పెద్ద గణకయంత్రము ఉండును. గాలి యొక్క త్రోపు, భూమి యొక్క ఆకర్షణ, మండుచున్నకొలది తగ్గిపోవు ఇంధనపు బరువు, ఇవన్నియు సమీకరణముల రూపమున దానియందు నిలిపియుందురు. పరీక్ష మొదలు కాగానే లోపలి గణకయంత్రము గొట్టమును త్రిప్పుమని ఆజ్ఞ యిచ్చును. 'ఇట్లు త్రిప్పినచో నిజమైన రాకెట్టు ఎంత ఒరుగును?' అని పెద్ద యంత్రము లెక్కించి, పీఠమును అంతమాత్రము ఒరుగజేయును. గైరోస్కోపులు ఆ ఒరుగుటను పట్టి తెలుపును. గణకయంత్రము మరల ఆజ్ఞ యిచ్చును. వలయము పూర్తియైనది.

మయసభలో గచ్చునేలను చూచి నీరనుకొని దుర్యోధనుడు వస్త్రము ఎగగట్టుకొనెనట. ఈ పరీక్షలో గణకయంత్రమునకు పట్టు గతి అదియే. అది బల్లపైనుండి కదలదు. కాని తాను మేఘములను దాటి పోవుచున్నానని దాని నమ్మకము. దాని చుట్టునున్న లోకము మాయ. అది మాత్రము నిజము. ఇంజనీర్లు ఈ పద్ధతిని 'హార్డువేర్ ఇన్ ది లూప్ సిమ్యులేషన్' అందురు. మనము దీనిని వలయపరీక్ష యని పిలుచుకొందము.

ఇందొక కఠిననియమము కలదు. లెక్క సరిగా నుండుట మాత్రమే చాలదు; వేళకు అందవలెను. నిజమైన గాలి గణకయంత్రము కొఱకు ఆగదు గదా. సెకనులో వేయవ వంతునకు రావలసిన ఫలితము వేయవ వంతుననే రావలెను. ఆలస్యముగా వచ్చిన సరియైన సమాధానము ఇచ్చట తప్పు సమాధానముతో సమానము. మాయాలోకము నిజలోకము వలెనే కాలము తప్పక నడువవలెనని దీని సారాంశము.

ఈ విద్య ఎట్లు పుట్టినదో ఇక విచారింతము. దీనికి మూలము యంత్రపరీక్ష కాదు, మనుష్యశిక్షణ. అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రమునందలి బింగ్‌హామ్‌టన్ పట్టణములో ఎడ్విన్ లింకు అను నతడుండెను. వారి కుటుంబమువారు గాలితిత్తులతో మ్రోగు ఆర్గను వాద్యములను చేయువారు. అతడు ఆ తిత్తులనే తీసికొని, వానిపై చిన్న విమానపుపెట్టె వంటిదానిని నిలిపి, 1929వ సంవత్సరమున ఒక శిక్షణయంత్రమును నిర్మించెను. శిష్యుడు అందు కూర్చుండి కఱ్ఱ త్రిప్పినచో పెట్టె ఒరుగును, తిరుగును. మొదట దీనిని సంతలలో వినోదవస్తువుగా చూచినవారే యెక్కువ. 1934లో ఆ దేశపు సైనికవిమానములు టపాను మోయు పనికి పూనుకొనెను. మంచులోను, చీకటిలోను దారి కానక కొద్దివారములలోనే పలువురు విమానచోదకులు మృతినొందిరి. అప్పుడు గాని సైన్యమువారికి కనువిప్పు కలుగలేదు. లింకు యంత్రములను ఆఱింటిని కొనిరి. తరువాత వచ్చిన మహాయుద్ధకాలమున లక్షలకొలది వైమానికులు ఆ పెట్టెలలో కూర్చుండియే విద్య నేర్చిరి. అచ్చట వలయమునందు నిజమైనవాడు మనుష్యుడు. పిదప ఆ మనుష్యుని స్థానమున గణకయంత్రమును కూర్చుండబెట్టుటయే వలయపరీక్ష.

రెండవ మెట్టు జర్మనీలో జరిగినది. బాల్టిక్ సముద్రతీరమున పీనెముండె యను చోట ఆ దేశమువారు ఏ-4 అను రాకెట్టును నిర్మించుచుండిరి. అచ్చటి హెల్ముట్ హోయెల్జరు అను ఇంజనీరు, విద్యుత్తు యొక్క హెచ్చుతగ్గులచేతనే రాకెట్టు గమనమును లెక్కించు ఒక యంత్రమును కల్పించెను. రాకెట్టు ఒరిగిన తీరును, దానిని సరిదిద్దు తీరును నేలపైననే చూచుటకు అది తోడ్పడెను. 1942 అక్టోబరు 3వ తేదీన ఆ రాకెట్టు మొదటిసారి జయప్రదముగా లేచెను. దానికే పిమ్మట వీ-2 అను పేరు వచ్చినది. అది లండను మొదలగు నగరములపై పడి వేలమందిని చంపినది; దానిని నిర్మించుటలో చెఱబడిన కూలీలు వేలకొలది నశించిరి. విద్య ఉత్తమమైనంతమాత్రమున దాని వినియోగము ఉత్తమము కాదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

మూడవ మెట్టు మరల అమెరికాది. 1944లో ఆ దేశపు నౌకాదళమువారు మసాచుసెట్సు సాంకేతికవిద్యాలయము నొక కోరిక కోరిరి. ఏ విమానము గుణములు ఇచ్చినను ఆ విమానము వలె ప్రవర్తించు ఒకే శిక్షణయంత్రము కావలెనని ఆ కోరిక. జే ఫారెస్టరు అను యువకుడు ఆ పని చేపట్టెను. పాతరీతి యంత్రములతో అది సాగదని గ్రహించి, అంకెలతో లెక్కించు గణకయంత్రమునే నిర్మింప బూనెను. అప్పటి గణకయంత్రములు లెక్క నిచ్చి, వచ్చినప్పుడు ఫలితము తీసికొనుటకు పనికివచ్చునవి. ఫారెస్టరునకు కావలసినది చోదకుడు కఱ్ఱ త్రిప్పిన క్షణముననే జవాబు చెప్పునది. ఏండ్లు గడచినకొలది విమానపుపెట్టె మాట మూలబడెను. కాని 1951లో పనికి వచ్చిన ఆ వర్ల్‌విండు యంత్రము, కాలముతో సమానముగా పరుగిడగల గణకయంత్రములకు దారి తీసెను. అది లేనిదే వలయపరీక్ష కాలూనుకొనెడిది కాదు.

ఇక చంద్రయానము. 1961లో చంద్రునిపైకి మనుష్యులను పంప నిశ్చయించినప్పుడు, నౌకను నడపు గణకయంత్రపు పని అదే విద్యాలయమునకు చెందిన ఇన్‌స్ట్రుమెంటేషన్ లాబొరేటరీకి వచ్చినది. ఆ యంత్రము బరువు సుమారు 32 కిలోలు. చెఱిపి వ్రాయదగిన జ్ఞాపకము అందు 2,048 మాటలు మాత్రమే. స్థిరమైన జ్ఞాపకము 36,864 మాటలు. ఈ స్థిరజ్ఞాపకము విచిత్రమైనది. చిన్న అయస్కాంతపు ఉంగరములలోనుండి తీగ పోయినచో ఒకటి, ప్రక్కనుండి పోయినచో సున్న. ఈ లెక్కన స్త్రీలు కార్ఖానాలో కూర్చుండి తీగలను చేతితో నేసిరి. నేసిన బట్టలో పోగు మార్చుట యెంత కష్టమో, ఆ కార్యక్రమములో ఒక మాట మార్చుట అంత కష్టము. కావున నేతకు ముందే తప్పులు బయటపడవలెను. అందుకై ఆ లాబొరేటరీలో నిజమైన గణకయంత్రమునకు కృత్రిమనౌకను జతచేసి, వలయము కట్టి, చంద్రునిపై దిగుటను మరల మరల నడిపి చూచిరి.

అపోలో 11 ప్రయాణమునకు కొద్దిదినములు ముందు హ్యూస్టను నగరమునందలి నియంత్రణశాలలో ఒక అభ్యాసము జరిగెను. పరీక్షించువారు కావలెనని ఒక అపాయసూచనను కల్పించిరి. 1201 అను సంఖ్య వెలిగెను. అనగా గణకయంత్రము 'నాకు పని మించిపోయినది' అని మొఱపెట్టుచున్నదన్నమాట. స్టీవ్ బేల్సు అను యువకుడైన అధికారి దాని భావమెఱుగక, దిగుట మానుడని చెప్పెను. అభ్యాసము ముగిసినపిమ్మట, ఆ సూచనకు మరలిపోవలసిన పని లేదని పెద్దలు తేల్చిరి. అప్పుడు ప్రధానాధికారియగు జీన్ క్రాంజు, అట్టి సూచనల నన్నిటిని పరిశీలింపుడని శాసించెను. జాక్ గార్మను అను మఱియొక యువకుడు ఒక్కొక్క సంఖ్యకు ఏమి చేయవలెనో చేతితో పట్టిక వ్రాసి యుంచెను.

1969 జూలై 20వ తేదీన ఆ పట్టిక అక్కఱకు వచ్చెను. నౌక చంద్రునివైపు దిగుచుండగా 1202 అను సంఖ్య వెలిగెను. మరల మరల వెలిగెను. 1201 కూడ ఒకమారు వెలిగెను. గార్మను పట్టిక చూచి వెంటనే జవాబు చెప్పెను. బేల్సు, సాగిపొమ్మనెను. నౌక దిగెను. మాయాపరీక్షలో పొరబడిన యువకుడే నిజమైన పరీక్షలో గట్టెక్కెను. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనన్న మన పెద్దల మాటకు ఇది తార్కాణము.

అయితే ఆ గణకయంత్రమునకు పని యేల మించిపోయినది? నౌకలోని ఒక రాడారు పరికరమునకును గణకయంత్రపు భాగములకును వేర్వేఱు చోట్లనుండి విద్యుత్తు వచ్చుచుండెను. రెండును సెకనునకు 800 మారులు ఊగునవియే. కాని ఒకటి ఊగినప్పుడే రెండవది ఊగవలెనను కట్టుబాటు లేదు. ఇద్దరు ఒకే తాళమున చప్పట్లు కొట్టుచున్నను, ఒకడు చేతులు విడదీయు వేళ రెండవవాడు కలుపుచున్నట్లు నుండెను. ఆ పొత్తు కుదరనందున రాడారు కదలకయే కదలినట్లు సంకేతములు పుట్టెను. సెకనునకు 12,800 వరకు పుట్టుచుండిన ఆ సంకేతములను లెక్కించుటకే గణకయంత్రపు కాలములో నూటికి సుమారు 15 వంతులు ఖర్చయ్యెను. రెండు పరికరములకు నడుమ వ్రాసికొనిన ఒప్పందపత్రములో ఊగు వేగము వ్రాయబడినది గాని, కలిసి ఊగవలెనను మాట వ్రాయబడలేదు. ఈ చిక్కు అభ్యాసములలో ఎదురు కాలేదు. మహాశయులారా, ఒకే ప్రయాణములో వలయపరీక్ష యొక్క రెండు ముఖములను గమనింపుడు. పరీక్షలో చేర్చిన అపాయము ప్రయాణమును కాపాడినది. పరీక్షలో చేరనిది ప్రయాణమును దాదాపు మరలించినది.

ఇప్పుడు మన నెల్లూరు తీరమునకు వత్తము. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోట ద్వీపమునుండి మన దేశపు రాకెట్టులు లేచుచున్నవి. ఆ చోటు 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. 1993 సెప్టెంబరు 20వ తేదీన పీ.ఎస్.ఎల్.వీ. అను క్రొత్తరకపు రాకెట్టు తొలిసారి అచ్చటనుండి బయలుదేరెను. భూమిని పరిశీలించు ఉపగ్రహమును అది మోసెను. మొదటి అంతస్తులు చక్కగా పనిచేసెను. రెండవ అంతస్తు విడిపోవు సమయమున మాత్రము రాకెట్టు అనుకొనినదానికంటె హెచ్చుగా తల్లడిల్లెను. దానిని సరిదిద్దుటకు గణకయంత్రము హెచ్చు ఆజ్ఞ నీయవలసివచ్చెను. ఆ ఆజ్ఞ నియమింపబడిన గరిష్ఠమితిని దాటెను. మితి దాటినప్పుడు మాత్రమే బయటపడు ఒక తప్పు కార్యక్రమములో దాగియుండెను. ఉపగ్రహము కక్ష్యను చేరక సముద్రము పాలయ్యెను.

ఈ తప్పు స్వభావమును ఆలోచింపుడు. మితికి లోబడి ఎన్నిమారులు పరీక్షించినను అది కనబడదు. నూరు మారులైనను, వేయి మారులైనను ఫలితమొక్కటియే. కాలువ నిండుగా పాఱునప్పుడు కట్ట గట్టిదే. గండి పడునది వరదనాడు. కావున వలయమునందు నిజమైన యంత్రమునుంచుట చాలదు. దాని చుట్టు కల్పించు మాయాలోకము కొన్నిమారులు క్రూరముగా నుండవలెను. మృదువైన లోకమున పరీక్షింపబడినది మృదువైన లోకమునకే పనికివచ్చును. మన ఇంజనీర్లు ఆ తప్పును వెదకి పట్టి దిద్దిరి. 1994 అక్టోబరు 15వ తేదీన అదే జాతి రాకెట్టు రెండవమారు లేచి, 804 కిలోల ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. పిమ్మట 2008లో చంద్రయాన్‌ను, 2013లో అంగారకునివైపు పోయిన నౌకను మోసినది ఆ జాతి రాకెట్టే.

ఆ రెండవ ప్రయోగము జరిగి రెండేండ్లు నిండకయే ఐరోపావారికి మఱింత కఠినమైన పాఠము దొరికెను. దక్షిణ అమెరికాలో ఫ్రెంచి గయానా యందలి కూరూ యను చోటినుండి 1996 జూన్ 4వ తేదీన ఏరియాన్ 5 అను మహారాకెట్టు తొలిసారి లేచెను. భూమి చుట్టునున్న అయస్కాంతమండలమును పరిశోధించు క్లస్టరు ఉపగ్రహములు నాలుగు అందుండెను. ప్రధానయంత్రము వెలిగించిన 37 సెకనులకు రాకెట్టు హఠాత్తుగా ప్రక్కకు తిరిగి, గాలి వత్తిడికి విఱిగి, సుమారు 3,700 మీటర్ల యెత్తున ప్రేలిపోయెను.

కారణమేమి? రాకెట్టు ఏ దిక్కున, ఎంత వేగమున పోవుచున్నదో చెప్పు పేటికలు రెండుండెను. ఒకటి పనిచేయునది, రెండవది చాటున నిలుచునది. ఇవి పాతదియగు ఏరియాన్ 4 రాకెట్టులో ఏండ్ల తరబడి తప్పు లేక పనిచేసిన పేటికలే. వానిలో అడ్డముగా పోవు వేగమునకు సంబంధించిన ఒక సంఖ్యను చిన్న గడిలోనికి మార్చు పద్ధతి కలదు. ఆ గడి 32,767 వరకే పట్టును. పాత రాకెట్టు మెల్లగా అడ్డమునకు వంగునది కాబట్టి ఆ సంఖ్య ఎన్నడును మితి దాటలేదు. క్రొత్త రాకెట్టు వేగముగా అడ్డమునకు సాగునది. కుంచము పట్టనంత ధాన్యము పోసినట్లాయెను. పేటిక తన పని మానెను. చాటునున్న పేటికలో కూడ అదే కార్యక్రమము. ఒకే గురువునొద్ద ఒకే తప్పు నేర్చిన యిద్దరు శిష్యులవలె రెండును ఒకే కారణమున మూగవోయెను. మూగవోవు ముందు పేటిక పంపిన రోగసూచక సంకేతమును ప్రధాన గణకయంత్రము నిజమైన గమనవార్త యని భ్రమించి, గొట్టములను కడవరకు త్రిప్పివైచెను. మఱియొక విచారకరమైన సంగతి యేమనగా, ఆ లెక్క రాకెట్టు లేచినతరువాత ఏరియాన్ 5నకు అవసరమే లేదు. పాత రాకెట్టు అవసరమునకై పెట్టినది అలవాటుగా నిలిచిపోయెను.

ఫ్రెంచి గణితవేత్త జాక్ లూయీ లయన్సు అధ్యక్షతన విచారణసంఘమేర్పడి, 1996 జూలైలో నివేదిక నిచ్చెను. అందు మన చరిత్రకు కీలకమైన భాగము కలదు. ఏరియాన్ 5నకు వలయపరీక్ష జరిగియే యుండెను. ప్రధాన గణకయంత్రము వలయములో నుండెను. కాని దిక్కు చెప్పు పేటిక మాత్రము లేదు! దాని స్థానమున దానివలె ప్రవర్తించు లెక్కల బొమ్మను నిలిపిరి. ఆ బొమ్మ ఆదర్శమైన పేటిక వలె నడచినది. అది మూగవోవుట యెఱుగదు.

అంతటి ప్రాజ్ఞులు నిజమైన పేటిక నేల విడిచిరి? వారికి కారణములు లేకపోలేదు. పేటిక విడిగా పరీక్షింపబడి నెగ్గినదని ఒకటి. పరీక్షాశాలలో దానికి తగినంత సూక్ష్మమైన సంకేతములను కల్పించుట కష్టమని మఱియొకటి. పేటిక వేయవ వంతు సెకనున ఒకమారు లెక్కించునది. పరీక్షాశాల వేయింట ఆఱు వంతులకు ఒకమారు లెక్కించునది. రెంటికి పొత్తు కుదరదని వేఱొకటి. ప్రతి కారణము విడిగా చూచిన న్యాయముగనే తోచును. అన్నియు కలిసి నాలుగు ఉపగ్రహములను బూడిద చేసెను. విచారణసమయమున ఆ పేటిక కార్యక్రమమునకు ఏరియాన్ 5 యొక్క నిజమైన గమనమును అందించి నడిపి చూడగా, జరిగిన ప్రమాదము అడుగడుగున మరల జరిగెను. ప్రయాణమునకు ముందు ఆ పని చేసియుండినచో తప్పు పరీక్షాశాలలోనే పట్టుబడియుండును. ఇకమీదట సాధ్యమైనంతవఱకు నిజమైన పరికరముల నన్నిటిని వలయములో చేర్చి, నిజమునకు దగ్గరైన సంకేతములతో సంపూర్ణముగా పరీక్షింపుడని సంఘమువారు సలహా ఇచ్చిరి.

ఆ సలహా వ్యర్థము కాలేదు. ఏరియాన్ 5 తప్పులు దిద్దుకొని, మొత్తము 117 ప్రయాణములు చేసి, 2023 జూలైలో విశ్రమించెను. 2021 డిసెంబరు 25వ తేదీన జేమ్సు వెబ్ దూరదర్శినిని ఆకాశమునకు చేర్చినది అదియే. పోయిన క్లస్టరు ఉపగ్రహములకు మాఱుగా నిర్మించిన నాలుగింటిని 2000వ సంవత్సరమున రష్యా రాకెట్టులు పైకి చేర్చెను.

నేడు ఈ విద్య మన ప్రాంతమున కూడ నెలకొనియున్నది. హైదరాబాదులో 1988లో నెలకొల్పబడిన రిసెర్చి సెంటరు ఇమారత్ అను సంస్థలో క్షిపణుల గణకయంత్రములను ప్రయాణమునకు ముందు వలయమునందుంచి పరీక్షించుచున్నారు. తిరువనంతపురమునందలి విక్రమ్ సారాభాయి కేంద్రములో రాకెట్టులకు ఈ పరీక్షను మెట్లు మెట్లుగా జరుపుదురు. మొదట గణకయంత్రము ఒక్కటియే వలయములో ప్రవేశించును. పిదప గైరోస్కోపులు మొదలగు పరికరములు చేరును. గొట్టములను త్రిప్పు యంత్రములకును వేఱుగా ఇట్టి పరీక్ష కలదు. అడుగడుగున మాయ తగ్గి నిజము హెచ్చును.

అయినను మాయ పూర్తిగా తొలగదు. పీఠము తిరుగగలదు గాని రాకెట్టు వలె నిమిషములకొలది పైకి దూసికొనిపోజాలదు. కావున వేగవృద్ధిని కొలుచు పరికరమునకు ఆ అనుభవమును కలిగించుటకు వీలు లేదు; దాని సంకేతమును తీగద్వారా కల్పించి పంపవలసినదే. శూన్యాకాశమును, మంటల తాకిడిని, అంతస్తు విడిపోవు కుదుపును అన్నిటిని ఒకే గదిలో ఒకేమారు కల్పించుట సాధ్యము కాదు. ప్రతి వలయపరీక్షలోను విడిచిపెట్టబడినది కొంత యుండును. మంచి ఇంజనీరునకును సామాన్యునకును భేదమెచ్చట అనగా, ఏది విడిచితినో, దానిని నమ్ముటకు నాకేమి ఆధారమో, మొదటివాడు వ్రాసి యుంచుకొనును. రెండవవాడు విడిచిన సంగతినే మఱచును.

మన గ్రామములలో ఎద్దును కొనువాడు దాని పళ్లు చూచి, సుడులు చూచి, తోక చూచి ఊరకుండడు. కాడి కట్టి, బరువు వేసి, తన పొలములో నడిపి చూచును. అమ్మువాడు, 'ఇది పొరుగూరిలో పదేండ్లు దున్నినది' అని యెంత చెప్పినను, పొరుగూరి యిసుకనేల వేఱు, తన నల్లరేగడి వేఱని అతడెఱుగును. ఏరియాన్ 4 యొక్క నేలలో దున్నిన పేటికను ఏరియాన్ 5 యొక్క నేలలో కాడి కట్టి చూడకపోవుటయే 1996 నాటి దోషము. ఆ దోషమునకు చదువు చాలకపోవుట కారణము కాదు. 'ఇది నెగ్గినదే గదా' అను మాటయే కారణము. ఎచ్చట నెగ్గినది, ఏ బరువుతో నెగ్గినది అని మరల అడుగుట ఎవరికిని తోచలేదు.

భారతదేశము గగనయాన్ అను పేర తన మనుష్యులను తన నౌకలోనే ఆకాశమునకు పంప పూనుకొనియున్నది. ఆ నౌకలో కూర్చుండబోవువారు మన బిడ్డలవంటివారు. ఉపగ్రహము పోయినచో మఱియొకటి చేసికొనవచ్చును. మనిషికి మాఱు మనిషి లేడు. వలయపరీక్షలకు కాలము పట్టునని, ధనము వ్యయమగునని, ప్రయాణము ఆలస్యమగుచున్నదని పత్రికలలో చదివినప్పుడు విసుగు చెందకుడు. బల్లపై కదలక కూర్చున్న గణకయంత్రము రేయింబవళ్లు ఆకాశమున ఎగురుచు, పడుచు, లేచుచున్నది. అచ్చట అది ఎన్నిమారులు పడిన అంత మంచిది. అచ్చటి పాటునకు ప్రాణనష్టము లేదు.

ద్రోణుడు పక్షిని కల్పించెను గాని విల్లును కల్పింపలేదు. ఆ భేదమును మఱువని దేశమువారే ఆకాశమున నిలువగలరు.